వేరు వచ్చింది సరే... దుంప ఏదీ?

మన చట్టం వెదురును తొంభై ఏళ్లపాటు చెట్టుగానే చూసింది. 1927 నాటి భారత అటవీ చట్టం చెట్టు అనే మాట కింద వెదురునూ చేర్చింది. వృక్షశాస్త్రం ఎన్ని చెప్పినా, గడ్డిజాతికి చెందిన ఈ మొక్కను సొంత పొలంలో పెంచుకున్న రైతు కూడా నరకాలన్నా, బండికెత్తాలన్నా అనుమతుల కోసం తిరగాల్సి వచ్చేది. 2017 నవంబరులో ఆర్డినెన్సుతో, ఆ వెంటనే చట్ట సవరణతో కేంద్రం ఆ మాటను తీసేసింది. మరుసటి ఏడాదే జాతీయ వెదురు మిషన్ కొత్త రూపంలో మొదలైంది. గట్ల మీద, బీడు చెలకల్లో వెదురు వేసుకోవచ్చన్న ఆశ ఒక్కసారిగా పెరిగింది. మరి ఇన్ని మొక్కలు ఎక్కడి నుంచి రావాలి? ఈ ప్రశ్నకు నర్సరీల దగ్గర తేలిగ్గా దొరికే జవాబు రూటింగ్ హార్మోన్. బొంగును ముక్కలు చేసి, మందులో ముంచి, మట్టిలో పెడితే చాలు, ప్రతి ముక్కా ఒక మొక్క అవుతుందన్నది ఆ జవాబులోని భరోసా. హార్మోన్ పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అది చేసే పని ఒకటి, దాని పేరు చెప్పి రైతుకు అమ్ముతున్న హామీ ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య దూరం ఎంతో తెలియాలంటే ముందు వెదురు ముక్క మట్టిలో ఏం చేస్తుందో చూడాలి.

చెరకు ముచ్చె నాటిన రైతుకు సగం సంగతి తెలిసినట్టే. అక్కడా కణుపే ప్రాణం, ఇక్కడా కణుపే ప్రాణం. తేడా ఎక్కడంటే, చెరకు కణుపు చుట్టూ వేరు మొనలు ముందే వరసగా సిద్ధంగా ఉంటాయి, తడి తగలగానే బయటికొస్తాయి. వెదురులో అలాంటి సిద్ధం అన్ని జాతులకూ ఉండదు. పసుపు పచ్చ బొంగుతో తోటల్లో కనిపించే బాంబూసా వల్గారిస్‌కు ఉంటుంది. దాన్ని కోసి కంచెకు పాతినా చిగురించి వేరూనుతుంది, ఏ మందూ అడగదు. మన అడవుల్లో విస్తారంగా పెరిగే సాధనపు వెదురు, అంటే డెండ్రోకలామస్ స్ట్రిక్టస్, దీనికి పూర్తిగా ఎదురు. ముక్క నుంచి వేరు రప్పించడం దానిలో చాలా కష్టం, అందుకే ఎప్పుడూ విత్తనం మీదే ఆధారపడ్డారు. ముళ్ల వెదురు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. ‘వెదురుకు హార్మోన్ ఎంత వాడాలి’ అన్న ప్రశ్నకు ఒకే అంకె జవాబుగా చెప్పేవాళ్లను నమ్మలేకపోవడానికి మొదటి కారణం ఇదే. ఏ వెదురు అన్నది ముందు తేలాలి.

ఈ హార్మోన్ కథ కూడా గడ్డిజాతి మొక్క నుంచే మొదలైంది. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి 1880లో అచ్చువేసిన పుస్తకంలో కెనరీ గడ్డి మొలకలు వెలుతురు వైపు వంగడాన్ని పరీక్షించి, మొన నుంచి ఏదో సందేశం కిందికి దిగుతోందని తేల్చారు. 1920లలో డచ్చి శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలక మొనలను కోసి, వాటి నుంచి ఆ పదార్థాన్ని అగర్ ముక్కల్లోకి దింపి చూపించాడు. దానికే ఆక్సిన్ అని పేరు. 1930ల నడుమకు వచ్చేసరికి ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం, నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం కోసిన కొమ్మలకు వేరు పుట్టిస్తాయని అమెరికాలోని బాయిస్ థాంప్సన్ సంస్థలో తేలింది. నర్సరీ వాళ్లు ఐబీఏ, ఎన్‌ఏఏ అనేవి ఇవే. మొక్క తనంతట తాను చేసుకునే అసలు ఆక్సిన్ వెలుతురులో, ఎంజైముల చేతిలో త్వరగా విరిగిపోతుంది. ఈ రెండూ నిలకడగా ఉంటాయి కాబట్టే నర్సరీకి ఇవి అక్కరకొచ్చాయి. ఎన్‌ఏఏ మన మిరప రైతుకు కొత్తదేమీ కాదు. పూత రాలకుండా చల్లే ప్లానోఫిక్స్‌లో ఉండేది అదే, నాలుగున్నర లీటర్ల నీళ్లకు ఒక మిల్లీలీటరు చొప్పున, అంటే సుమారు 10 పీపీఎం. ఇదే కుటుంబానికి చెందిన 2,4-డి మోతాదు పెరిగితే వెడల్పాకు కలుపును మాడ్చేస్తుంది. పూత నిలిపేదీ, వేరు తెప్పించేదీ, కలుపును చంపేదీ ఒకే ఇంటి మందులు. ఇంకో చిటికెడు ఎక్కువేస్తే ఇంకాస్త వేరొస్తుందనుకోవడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇది చాలు.

వెదురు ముక్కల మీద హార్మోన్ ప్రభావాన్ని మన దేశంలో శ్రద్ధగా పరీక్షించిన చోట్లలో త్రిశూరు దగ్గర పీచిలోని కేరళ అటవీ పరిశోధన సంస్థ ముఖ్యమైనది. 1980లలో అక్కడ రూపొందిన పద్ధతి చూడముచ్చటైనది. రెండు కణుపులున్న ముక్క తీసుకుంటారు. రెండు కణుపుల మధ్య బోలు భాగానికి చిన్న రంధ్రం చేసి, అందులో 100 పీపీఎం ఎన్‌ఏఏ ద్రావణం సుమారు 100 మిల్లీలీటర్లు పోస్తారు. రంధ్రాన్ని పాలిథీన్ పట్టీతో బిగించి, అది పైకి ఉండేలా ముక్కను మడిలో పడుకోబెట్టి పలుచగా మట్టి కప్పుతారు. బొంగే గిన్నె అయింది. రెండు వైపులా కణుపు బిళ్లలు మూతలయ్యాయి. ద్రావణం రోజుల తరబడి కణుపుకు లోపలి నుంచే అందుతుంది. ఈ ఏర్పాటు వెనకున్న ఆలోచన గమనించదగింది. గులాబీ కొమ్మకో, కాగితం పూల తీగకో వేరు కోసిన చివర పుడుతుంది. అక్కడ బెరడు కింద కాంబియం అనే పొర ఉంటుంది, గాయం మానే క్రమంలో వేరు పుట్టుకొస్తుంది. వెదురుకు ఆ పొరే లేదు. బొంగు ముక్కలో వేరు వచ్చేది కణుపు దగ్గర, కొమ్మ మొదలు నుంచి. కోసిన కొసను పొడిలో అద్ది నాటడం గులాబీకి సరిపోయే అలవాటు. బొంగు ముక్క విషయంలో అది మందును అవసరం లేని చోట పూయడమే. ఒక్క కొమ్మ కత్తిరింపులకు మాత్రం మినహాయింపు ఉంది. కొన్ని జాతుల్లో లావుపాటి కొమ్మ మొదట్లోనే దుంపలాంటి ఉబ్బు ఉంటుంది. అలాంటి కొమ్మను ఉబ్బుతో సహా తీస్తే, ఆ మొదలును ముంచడానికి అర్థం ఉంటుంది.

పీచి పద్ధతికీ దాని హద్దులున్నాయి. బోలు ఉంటేనే కదా పోయగలం! పొడి నేలల్లో పెరిగిన సాధనపు వెదురు లాఠీ కర్రలా గట్టిగా ఉంటుంది, లోపల ఖాళీ ఉండదు, ఉన్నా అరకొరే. వేరు తెప్పించడం ఎక్కడ కష్టమో అక్కడే ఈ ఉపాయం కుదరదన్నమాట. అప్పుడు మిగిలేది ముక్కలను పలుచని ద్రావణంలో ఒక రోజంతా నానబెట్టడం. అది బయటి నుంచి అందే మందు, లోపలికి ఎంత పోయిందో చెప్పడం కష్టం. ద్రావణం కలపడంలోనూ ఒక చిక్కుంది. ఐబీఏ, ఎన్‌ఏఏ ఆమ్ల రూపంలో మామూలు నీళ్లలో సరిగా కరగవు. ముందు కాస్త ఆల్కహాలులోనో, పలుచని సోడియం హైడ్రాక్సైడులోనో కరిగించి, తర్వాత నీళ్లలో కలపాలి. అడుగున పేరుకున్న పొడి, పైన తేటనీరు ఉన్న బకెట్‌లో ముంచిన నర్సరీ కూడా హార్మోన్ వాడినట్టే చెప్పుకుంటుంది. అబద్ధమూ కాదు!

ఇప్పుడు లెక్క వేద్దాం. 100 పీపీఎం అంటే లీటరులో 100 మిల్లీగ్రాములు. ముక్కకు 100 మిల్లీలీటర్లంటే పది మిల్లీగ్రాముల మందు. ఒక గ్రాము వంద ముక్కలకు వస్తుంది. మొక్క తయారీ ఖర్చులో ఇంతకంటే చిన్న పద్దు ఇంకోటి ఉండదు. సంచి, ఎరువు కలిపిన మట్టి, షేడ్‌నెట్, నీళ్లు, కూలి, అన్నింటికీ మించి ముక్కల కోసం బలిచ్చిన బొంగు, అసలు ఖర్చంతా వీటిదే. ఖర్చులో ఆఖర్న ఉన్నది ప్రచారంలో మొదట ఎందుకుంది? మిగతావి కంటికి కనిపించవు కాబట్టి. బొంగు వయసెంత, ఏ నెలలో కోశారు, కోసిన ఎన్ని గంటలకు మడిలో పెట్టారు అన్నవి డబ్బా మీద లేబుల్‌లా అతికించి చూపించలేం. కానీ ఫలితం ఎక్కువగా వాటి చేతుల్లోనే ఉంది. ఆ ఏడు లేచిన లేత బొంగు నీరుపట్టు మీద ఉండి కుళ్లుతుంది. ముదిరిన బొంగులో మొగ్గలు చచ్చిపోయి ఉంటాయి. ఒకటి రెండేళ్ల వయసే సరైనది, అందులోనూ మధ్య భాగం. నెల విషయానికొస్తే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు మంచిది. వానలు పడగానే పొద తన పిండి నిల్వనంతా కొత్త కొమ్ముల మీద ఖర్చు చేస్తుంది. అంతకుముందే కోస్తే ఆ నిల్వ ముక్కలోనే ఉంటుంది. జూలైలో కోసిన ముక్కకు ఎంత హార్మోన్ పోసినా ఫిబ్రవరి రాదు. వేరు పుట్టమని చెప్పగలదు ఆక్సిన్, వేరు కట్టడానికి కావలసిన పిండిని మాత్రం ఇవ్వలేదు.

ఈ పిండి సంగతి దగ్గరే కొనేవాడు మోసపోయేది కూడా. మడిలో పెట్టిన మూడు నాలుగు వారాలకే కణుపు నుంచి పచ్చని మొలక లేస్తుంది, ఆకులు విప్పుతుంది. చూస్తే మొక్కే. కింద చూస్తే వేరు ఉండకపోవచ్చు. ముక్కలో దాచుకున్న ఆహారంతోనే ఆ ఆకులొచ్చాయి. అది అయిపోయేలోగా వేరు దిగకపోతే పచ్చగా ఉన్నది కాస్తా ఎండిపోతుంది. వెదురు ముక్కలతో పనిచేసిన వాళ్లందరూ ఎదుర్కొన్న నిరాశ ఇది. హార్మోన్‌కు న్యాయంగా దక్కాల్సిన పేరు ఇక్కడే ఉంది. ఆకుకూ వేరుకూ మధ్య నడిచే ఈ పందెంలో అది వేరు వైపు కాస్త బలం చేకూరుస్తుంది, ఎక్కువ ముక్కలు వేరూనేలా, వేళ్లు త్వరగా, దండిగా వచ్చేలా చేస్తుంది. వేరు వచ్చినంత మాత్రాన వెదురు మొక్క అయిపోతుందా అంటే కాదు. మామిడి అంటుకు వేరు, కాండం ఉంటే చాలు, అదే ఏటికేడు లావవుతుంది. వెదురు బొంగు లేచినప్పుడు ఎంత లావుందో జీవితాంతం అంతే. పొద పెరగాలంటే నేల కింద దుంప పుట్టాలి, దాని నుంచి ముందటి దానికంటే లావైన కొమ్ము లేవాలి, దాని దుంప నుంచి ఇంకోటి. వేరుండి దుంప లేని మొక్క పొలంలో బతికున్నట్టే ఉంటుంది, ఎదుగూ బొదుగూ ఉండదు. దుంప కట్టడం వేరొచ్చిన చాలా నెలల తర్వాతి మాట. ముక్కకు తొలిరోజున పట్టించిన మందు దాన్ని శాసించలేదు. నర్సరీ లెక్కపెట్టేది ఆకును, హార్మోన్ తోడ్పడేది వేరుకు, పొలం అడిగేది దుంపను. హార్మోన్ పేరు మీద ఇచ్చే హామీలో చిక్కంతా ఇదే.

అంత తక్కువ ఖర్చైనప్పుడు వాడితే నష్టమేమిటి, ఎందుకీ రాద్ధాంతం అనవచ్చు. వాడొద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. వాడిన చోట దాని పక్కనే ఒక వరస ముక్కలకు మందు బదులు ఉత్త నీళ్లు పోసి చూడమనే వాదన. బోలులో నీళ్లుంటే కణుపు ఎండదు. ఆ తడి వల్ల వచ్చిన మేలెంత, మందు వల్ల వచ్చిన మేలెంత అన్నది ఆ వరస లేకుండా తెలియదు. శిలీంధ్రాలు పట్టకుండా ముంచిన కార్బెండజిమ్ ద్రావణం వల్ల దక్కిన ముక్కలను కూడా హార్మోన్ ఖాతాలో వేసేవాళ్లుంటారు. ఏ జాతిలో మందు నిజంగా తేడా చూపిందో, ఏ జాతిలో చూపలేదో రాసిపెట్టుకున్న నర్సరీ రెండో ఏటికి మందు కొనడం మానేసినా మానేయవచ్చు, మోతాదు సరిచేసుకున్నా సరిచేసుకోవచ్చు. పీచి శాస్త్రవేత్తలు చేసిందీ ఇదే కదా. వాళ్ల ఫలితాన్ని అరువు తెచ్చుకుని వాళ్ల పద్ధతిని వదిలేయడం మన అలవాటు.

రసాయనమెందుకు, కొబ్బరినీళ్లో తేనెనో పేడనీళ్లో చాలవా అన్నది మరో ప్రశ్న. పేడ, మట్టి కలిపి కోసిన చివరలకు పూస్తే ముక్క ఎండిపోకుండా ఉంటుంది. అది మంచి పనే, కానీ హార్మోన్ పని కాదు. కొబ్బరినీళ్లలో ఉన్నవి ప్రధానంగా సైటోకైనిన్లు. ఇవి మొలకను ఉసిగొల్పే రకం. పైన చెప్పిన పందెంలో ఆకు వైపు చేరితే మేలు కంటే కీడే ఎక్కువ. పైగా ఒక కాయకూ ఇంకో కాయకూ మోతాదు ఒకటి కాదు.

వీటికంటే బరువైన అభ్యంతరం విత్తనం గురించి. విత్తనంతో వచ్చిన మొక్కకు దుంప సహజంగానే కడుతుంది, నర్సరీకి ఖర్చూ తక్కువ. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ వాళ్లు ఆ నారును వేరు, దుంప, కాండం మూడూ ఉండేలా చీలుస్తూ ఏటికేడు పెంచుకునే పద్ధతినీ ఎప్పుడో చూపించారు. దానికి ఏ హార్మోనూ అక్కర్లేదు. విత్తనం దొరికిన చోట ఇదే మేలైన దారి, ముఖ్యంగా సాధనపు వెదురుకు. చిక్కల్లా విత్తనం దొరకడంలోనే ఉంది. వెదురు దశాబ్దాలకోసారి పూస్తుంది, గింజ కొన్ని నెలలకే మొలక శక్తి కోల్పోతుంది. బాల్కోవా లాంటి జాతి పూసినా గింజ కట్టడమే అరుదు. ఇంకో సంగతి, గింజ నుంచి వచ్చిన మొక్కలన్నీ ఒక్కలా ఉండవు. బుట్ట అల్లే మేదరికి కావలసింది పొడవాటి కణుపు, చీలితే దారంలా వచ్చే బద్ద. అలాంటి పొద ఒకటి కంటపడితే దాన్ని అచ్చంగా అలాగే పెంచడానికి ముక్కే దారి. టిష్యూకల్చర్ కూడా ఆ పనే చేస్తుంది, పెద్ద ఎత్తున చేస్తుంది కూడా. భీమా వెదురు పేరుతో రైతులకు చేరుతున్నది బాల్కోవా నుంచి ఎంచి ప్రయోగశాలలో పెంచిన రకమే. కాకపోతే ఒక ఊళ్లోని మంచి పొద నుంచి రెండు మూడు వందల మొక్కలు కావాలంటే ప్రయోగశాల ఎవరూ తెరవరు. అక్కడికి కత్తి, మడి, ఆ గ్రాము మందు చాలు. ప్రయోగశాల హార్మోన్లు లేకుండా నడుస్తుందనుకోవడమూ అపోహే, అక్కడ వాటి మీదే బతుకంతా.

ముక్క మొక్కతో వచ్చే అసలు ప్రమాదం గురించి మాత్రం ప్రచారంలో ఒక్క మాటా ఉండదు. ముక్క వయసు ముక్కది కాదు, తల్లి పొదది. మిజోరంలో మౌటక్ వెదురు సుమారు 48 ఏళ్లకోసారి ఒకేసారి పూసి, కాసి, చచ్చిపోతుంది. గింజల కోసం ఎలుకలు విరుచుకుపడి, తర్వాత పంటల మీద పడతాయి. 1958-59లో అలా వచ్చిన కరువు ఆ రాష్ట్ర రాజకీయాలనే మార్చేసింది. మన ముళ్ల వెదురు, సాధనపు వెదురు కూడా దశాబ్దాల గడువు తీరాక పూసి ఎండిపోయేవే. గడువు దగ్గరపడిన పొద నుంచి ముక్కలు తీస్తే, నిరుడు నాటిన మొక్క కూడా తల్లితో పాటే పూస్తుంది. వేరు హార్మోన్ ఆ గడియారాన్ని వెనక్కి తిప్పలేదు. ప్రయోగశాల మందులు మాత్రం దాన్ని ముందుకు తిప్పగలవని 1990లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో చూపించారు. సైటోకైనిన్, కొబ్బరినీళ్లు కలిపిన మాధ్యమంలో వెదురు మొక్కలు కొన్ని నెలలకే పూశాయి. ఎంతో ఆసక్తికరమైన ప్రయోగమే, నర్సరీకి ఉపయోగపడేది కాదు. నర్సరీకి కావలసింది తల్లి పొద ఏ ఏటి విత్తనం నుంచి వచ్చిందో, చుట్టుపక్కల ఆ జాతి చివరిసారి ఎప్పుడు పూసిందో రాసున్న పుస్తకం. ముప్ఫై నలభై ఏళ్ల పంటకు ఆ పుస్తకమే పెట్టుబడి.

వెదురు మిషన్ నర్సరీలకు గుర్తింపు, నాటే మొక్కకు ధ్రువీకరణ అనే ఏర్పాటు పెట్టింది. మంచిదే. అది కాగితం మీద మిగలకుండా ఉండాలంటే కొనేచోట పరీక్ష మారాలి. మొక్కలను లారీకెత్తే ముందు కట్టలో రెండు మూడు సంచులు చింపి చూపించమనే హక్కు రైతుకుండాలి. మట్టి దులిపితే కణుపు కింద వేళ్లతో పాటు, పక్కకు తిరిగిన మొనతో, పొలుసులు కప్పుకున్న చిన్న దుంప కనిపించాలి. ముక్క నుంచి వచ్చిన తొలి మొలక కంటే తర్వాత లేచిన మొలక లావుగా ఉండాలి. అవి ఉంటే హార్మోన్ వాడారో లేదో అడగనక్కర్లేదు, లేకపోతే ఎంత వాడారో చెప్పినా ఉపయోగం లేదు. ఇందుకు నర్సరీల వైపు నుంచి వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. దుంప కట్టేదాకా మొక్కను సంచిలో ఉంచితే మడి ఖాళీ కాదు, కూలి పెరుగుతుంది, అదే ధరకు ఇవ్వలేమంటారు. అయితే ధర పెంచాల్సిందే. వెదురు కోతకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఎదగని మొక్క సంగతి రైతుకు తెలిసేసరికి రెండు మూడు వానాకాలాలు గడిచిపోతాయి. ఆ నష్టం ముందు సంచికి కొన్ని రూపాయల తేడా లెక్కలోకి రాదు. సబ్సిడీ లెక్క కట్టేవాళ్లు కూడా పంచిన మొక్కల సంఖ్యకు బదులు దుంప కట్టిన మొక్కకు డబ్బిస్తే నర్సరీ తన మడిని ఖాళీ చేసే తొందర మానుకుంటుంది. వేసవి మొదట్లో కోసిన ముక్క మూడు నెలలకు వేరూని, వానాకాలమంతా సంచిలో పెరిగి, దుంప కట్టి గట్టిపడేసరికి మరో వేసవి వస్తుంది. ఈ జూన్‌లో నాటదలచుకున్న రైతు అడిగి తీసుకోవాల్సింది నిరుడు ఫిబ్రవరి, మార్చిలో మడికెక్కిన ముక్కలను.